టవరాయన వదిలేసిన సందు

సందులో వాళ్లు ఆయనకు పెట్టిన పేరు టవరాయన. నిజానికి ఆయన ఏ టవరూ ఎక్కలేదు. ఎత్తు చూస్తే కళ్లు తిరుగుతాయి. కొత్త నెట్‌వర్క్ వచ్చిన ప్రతి పేటలోనూ ఆరు ఫోన్లు పెట్టుకుని వ్యాన్‌లో మెల్లగా తిరగడం ఆయన పని. ఆ ఫోన్లు వాటంతట అవే కాల్ చేస్తాయి, పెట్టేస్తాయి, మళ్లీ చేస్తాయి. సిగ్నల్ ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ నీరసించిందో కంప్యూటర్ పటం మీద రంగుచుక్కలుగా పడుతుంది. పాతికేళ్లలో మూడు తరాల నెట్‌వర్కులకు ఇలా నాడి చూశాడు. వెనక బళ్లవాళ్ల హారన్లు ఆయన చెవులకు ఎప్పుడో అలవాటైపోయాయి.

అలవాటు కానిది సొంత సందే. అడుగు పెడితే చాలు, "టవరాయనా, మా వంటింట్లో ఫోను పలకదేం?" అని ఒకరు, "మీ ఇంటికి మాత్రం స్పెషల్ లైను వేయించుకున్నారటగా" అని ఇంకొకరు. అందుకే ఈసారి తమ పేట వంతు వచ్చినా, వ్యాన్ తమ సందు వైపు తిప్పలేదు. రిపోర్టులో "రోడ్డు తవ్వారు, బండి వెళ్లదు" అని రాసి ముఖం చాటేశాడు.

ఆఫీసువాళ్లు పక్క రోడ్ల చుక్కలు చూసి, ఈ సందూ బాగానే ఉంటుందనుకుని యాంటెన్నాను బజారు వైపు తిప్పించారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఫోన్లు మూగబోయాయి. వాళ్లింట్లోనే ఉండే అత్తగారు రోజూ తన చెల్లెలితో మాట్లాడాలంటే ఇరవై రెండు మెట్లెక్కి డాబా మీదికి వెళ్లాలి. ఒక పొద్దున ఆవిడ పదకొండో మెట్టు మీద మోకాలు పట్టుకుని కూర్చుని కనిపించింది.

"ఏం కాలేదు బాబూ. సగం దూరం వచ్చా కదా, సగం సిగ్నలైనా వస్తుందేమోనని చూస్తున్నా."

ఆయన ప్రాణం చివుక్కుమంది. శుక్రవారం ఆ పేట పని పూర్తయిందని మేనేజరు మేడమ్ సంతకం పెడుతుంది. తర్వాత ఏడాది దాకా యాంటెన్నా జోలికి ఎవరూ పోరు. ఏడాది పాటు ఆ మోకాళ్లకు ఇరవై రెండు మెట్లు.

గురువారం వెళ్లి మేడమ్ ముందు నిలబడ్డాడు.

"రోడ్డు తవ్వలేదు మేడమ్. అది మా సందు. అందుకే వెళ్లలేదు."

"తవ్వని రోడ్డును పూడ్చడం కష్టమే," అంది మేడమ్ కళ్లజోడు తీసి. "సాయంత్రంలోగా కొలిచి తెండి. వ్యాన్ వేరే పేటకు వెళ్లింది. నడవండి."

ఆరు ఫోన్ల సంచీ భుజాన వేసుకుని, సందు ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నత్తనడక నడిచాడు. గుమ్మాలన్నీ మనుషులతో నిండిపోయాయి.

"ఏమండీ, ఏదైనా పారేసుకున్నారా?" అని ఎదురింటాయన అడిగాడు.

"పరువు," అన్నాడు తలెత్తకుండా.

"మా అల్లుణ్ణి పలకరించకండి, కొలత తప్పుతుంది," అని అత్తగారు గేటు దగ్గర నుంచి అందరినీ కసిరింది.

చుక్కలన్నీ ఎర్రగా పడ్డాయి. సిగ్నల్ లేదని తేలినందుకు ఆయన మురిసిపోవడం సర్వీసులో అదే మొదటిసారి.

మేడమ్ సంతకం నాలుగు రోజులు ఆపింది. ఈలోగా టవరెక్కేవాళ్లు యాంటెన్నాను కాస్త ఇటు తిప్పారు. ఆదివారం పొద్దున అత్తగారు హాల్లో కుర్చీలో కాళ్లు చాపుకుని చెల్లెలికి ఫోన్ చేసింది. ఇన్నాళ్లూ డాబా మీదే ఉండిపోయిన సంగతులు పక్కగదిలోకి శుభ్రంగా వినబడసాగాయి.

"మంచివాడేనే. కాకపోతే మన మోకాలి నొప్పి చెబితే తెలియదు, కళ్లారా చూడాలి... ఆఁ, బాగా వినిపిస్తోంది. గురక సంగతి చెప్పానా నీకు?"

ఆయన పేపరు తీసుకుని, చప్పుడు కాకుండా ఇరవై రెండు మెట్లూ ఎక్కి, పిట్టగోడకు దూరంగా డాబా మధ్యలో కూర్చున్నాడు.