చెమ్మ నాది, మందు వాడిది

మేస్త్రీ పోయాడని నాకు ఎవరూ కబురు పెట్టలేదు. మొన్న మంగళవారం పొద్దున అచ్చంపేట వైపు రైతొకాయన, పత్తికి మందు కొట్టే పంపు భుజాన వేసుకుని, నరసరావుపేట కోర్టు గోడ పక్కన నా టైపు మిషను ముందు నిలబడ్డాడు. పక్కన కొట్టు మూసుందేంది, సాయిబు ఊరికేమన్నా పోయాడా అని అడిగాడు. నాకూ తెలియదు. ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం. సందు మొదట్లోనే ఆగిపోయాం. వాకిలి నిండా చెప్పులు. రైతు పంపును గోడకు ఆనించి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. పదిహేడేళ్ళు ఒకే గోడ నీడన పనిచేసినవాణ్ణి, ఆ మనిషి పోయిన సంగతి చెప్పుల్ని చూసి తెలుసుకున్నాను.

ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. పేటకు పంపుల మేస్త్రీ, పల్లెల వాళ్ళకు సాయిబన్న. నేను ఆయనకు టైపు పంతుల్ని. పంతులనగానే చదువుకున్నవాణ్ణనుకునేరు. ఐదో తరగతి పరీక్ష నాడు నాకు జ్వరం వచ్చింది. ఆ జ్వరం ఇంకా తగ్గలేదనుకోండి. నా ఇంగ్లీషంతా పకోడీ పొట్లాల మీద నేర్చుకున్నది. కాయితం ఎక్కడ చిరిగితే నా జ్ఞానం అక్కడ ఆగింది. నూనె మరకల మధ్య ఒక దొర ఏదో ఒప్పందం మీద సంతకం పెట్టబోతూ ఉండేవాడు. పెట్టాడో లేదో నాకిప్పటికీ తెలియదు. సరే, ఇది నా కథ కాదు గదా.

మేస్త్రీ పనికి ఒక పద్ధతుంది. రిపేరుకొచ్చిన ప్రతి పంపుకూ తీగతో ఒక అట్టముక్క కట్టేవాడు. సిగరెట్టు పెట్టెల అట్ట, పాత శుభలేఖల అట్ట, ఏదైనా సరే. పంపు ఎవరిది, ఏ ఊరు, ఏం జబ్బు, తనేం చేశాడు, అన్నీ మొద్దు పెన్సిలుతో దానిమీద రాసేవాడు. నాజిల్ పూడింది, సూదితో తీశాను. పిడి వదులు, బోల్టు మార్చాను. పంపు వెళ్ళిపోయాక కూడా ఆ అట్టను పారేసేవాడు కాదు, గోనెసంచిలో దాచేవాడు. ఈ చెత్తంతా ఎందుకయ్యా అంటే, మళ్ళీ చెడితే నేనేం చేశానో నాకు తెలియాల గదా అనేవాడు. ఎవరన్నా నాజిల్‌ను తిట్టుకుంటూ వస్తే ఆయన మాట ఒకటే: "చివర కారిందని చివరను తిట్టమాక. పిడి కొట్టే చెయ్యి ఎవరిదో చూడు." ఆ మాటను నేను చానాకాలం పంపుల గురించే అనుకున్నాను.

ఐదారేళ్ళ కిందట పల్నాడంతా పత్తి కమ్ముకుంది. ఆ ఏడు తెల్లదోమ పడింది. మొక్కను తడితే పిండి ఎగిరినట్టు లేచేది. వారానికోసారి కొట్టే మందును రోజు మార్చి రోజు కొట్టారు, రెండు మూడు కలిపి కొట్టారు. వాటిలో బాగా అమ్ముడుపోయింది ఒక పైదేశపు కంపెనీ మందు. తెల్ల డబ్బా, మీద ఎర్ర గీత.

గురజాల పక్క పల్లెలో నాగమ్మ అని ఒక కూలిమనిషి. ఆమె బిందెలతో నీళ్ళు మోస్తే, ఆమె మొగుడు పంపు వీపున కట్టుకుని మందు కొట్టేవాడు. ఒక మధ్యాహ్నం అతను సాలు మధ్యలో పడిపోయాడు. నోట్లో నురగ, కంటిపాప సూదిమొనంత. పేటకు తెచ్చేలోపే ప్రాణం పోయింది. నాలుగో రోజున నాగమ్మ తమ్ముడు ఆ పంపును తెచ్చి మేస్త్రీ ముందు పెట్టాడు. అంతకు వారం ముందే మేస్త్రీ బాగుచేసి ఇచ్చిన పంపు.

దాన్ని విప్పడానికి ఆయనకు ఒక పూట పట్టింది. మామూలుగా పావుగంట పని. విప్పాడు, చూశాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. ఆఖరికి అట్టముక్క తీసుకుని రాశాడు: "మనిషి పోయాడు. ఎర్రగీత డబ్బా. చేలో కొడుతూ పడ్డాడు. పంపు అడుగున చెమ్మ, వీపుకు ఆనే వైపు. వాషర్ నేను వేసిందే."

ఆ రోజు నుంచి మనుషులకు కూడా అట్టలు రాయడం మొదలుపెట్టాడు. మందు కొట్టి కళ్ళు తిరిగినవాళ్ళు, వాంతులైనవాళ్ళు, చూపు మసకేసినవాళ్ళు, ఎవరి కబురు చెవిన పడ్డా సైకిలేసుకుని పోయి ఖాళీ డబ్బా తెచ్చేవాడు. ఆ డబ్బాకు అట్ట. పేరు, ఊరు, ఏ రోజు, ఏమైంది. ఏడాది తిరిగేసరికి కొట్టు వెనక రేకు కింద డబ్బాలు బడిపిల్లల్లా వరసలు కట్టాయి. ఊళ్ళో కొందరు సాయిబుకు మందు వాసన తలకెక్కిందన్నారు. నేనూ ఆ కొందరిలో ఒకణ్ణి. ఒప్పుకోకపోతే బాగుండదు.

ఒకరోజు డబ్బా నా చేతికిచ్చి దానిమీద ఏముందో చదవమన్నాడు. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. రబ్బరు చేతితొడుగులు వేసుకోవాలి, రబ్బరు బూట్లు వేసుకోవాలి, ముఖానికి ముసుగు, కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి అని చదివి చెప్పాను. పంపు కోసం వచ్చిన కూలి ఆడవాళ్ళు అక్కడే కూర్చునున్నారు. "అయ్యన్నీ ఉంటే కూలికెందుకు పోతాం పంతులూ, పెళ్ళికే పోతాం" అందొకామె. అందరం నవ్వాం. మేస్త్రీ కూడా నవ్వి, ఇది ఎవరి కోసం రాశారని అడిగాడు. కొట్టేవాళ్ళ కోసం అన్నాను. "మరి కొట్టేవాళ్ళకు వచ్చిన భాషలో ఉండాల గదా" అన్నాడు. పకోడీ పొట్లాల్లో నా చదువు అంత దూరం రాలేదు.

ఉత్తరాలు మొదలయ్యాయి. ఆయన చెప్పడం, నేను ఇంగ్లీషులోకి తిప్పి టైపు కొట్టడం. మొదటిది బొంబాయి ఆఫీసుకు. డబ్బామీదున్న సూచనలు పాటించకపోతే మా బాధ్యత లేదని జవాబొచ్చింది. రెండోది సముద్రాల అవతల అసలు కంపెనీకి. మూడు నెలలకు, నున్నటి కాయితం మీద, బొంబాయి కంపెనీ వేరు, మేము వేరు, మీ దేశంలో జరిగినదానికి మాకు సంబంధం లేదని వచ్చింది. కొండవీటి రెడ్డిరాజుల కోటకైనా దారుంది, కాళ్ళ నొప్పులకోర్చి ఎక్కితే గుమ్మం కనబడుతుంది. ఈ కంపెనీ కోటకు గుమ్మమే లేదు, వదిలెయ్ మేస్త్రీ అన్నాను. నాకు ఆ పోలిక బాగా నచ్చింది. ఆయనకు నచ్చలేదు.

రెండు రోజులు ఆలోచించి, ఇంకో ఉత్తరం కొట్టమన్నాడు. ఎవరికి అన్నాను.

"ఆ మందు తయారుచేసే ఫ్యాక్టరీలో మిషన్లుంటయ్యి గదా?"

"ఉంటాయి."

"వాటికి మేస్త్రీ ఉంటాడు గదా? ఆయనకు."

నేను పగలబడి నవ్వాను. పేరు లేదు, ఊరు కంపెనీ ఉత్తరం తలమీద ఉన్నదొక్కటే. కంపెనీ పెద్దలకు తెలియనిది మేస్త్రీకేం తెలుస్తుందయ్యా అంటే, పెద్దలు కాయితాలు ముట్టుకుంటారు, వాడు మందు ముట్టుకుంటాడు అన్నాడు. చాదస్తం అనుకుంటూనే కొట్టాను: హెడ్ మెకానిక్ గారికి, ఫలానా ఫ్యాక్టరీ. అట్టల మీద రాతలన్నీ వరసగా ఎక్కించాం. ఒక డబ్బాను కత్తెరతో విప్పి, సుత్తితో చదునుచేసి, అంచులు ఆకురాయితో అరగదీసి, ఆ రేకును కూడా కవరులో పెట్టాడు. తెరిచినవాడి వేలు తెగకూడదని అరగదీశాడు. ఆ శత్రుదేశపు మేస్త్రీ వేలు!

అక్కడే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. నాగమ్మ మొగుడి అట్టలో వాషర్ మాట తీసేద్దామన్నాను. కోర్టు గోడ పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నవాణ్ణి, అవతలివాళ్ళు ఆ ఒక్క మాట పట్టుకుని నిన్ను ముంచుతారని నచ్చజెప్పాను. ఆయన కోప్పడలేదు. "నా వాషర్ సంగతి నేను చెప్పకపోతే, వాడి మందు సంగతి చెప్పమని వాణ్ణి ఏ మొహంతో అడగను పంతులూ?" అన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టే కొట్టాను. న్యాయం గురించి నేను లెక్కలేనన్ని అర్జీలు కొట్టాను. న్యాయం తనతో మొదలుపెట్టినవాణ్ణి చూడటం అదే మొదలు.

జవాబొచ్చింది. ఇది నేను ఎవరికి చెప్పినా నమ్మరు. అక్కడ నిజంగానే ఒక మేస్త్రీ ఉన్నాడు. ఆయన చేతుల మీద కూడా దద్దుర్లున్నాయట. ఉత్తరాన్ని వాళ్ళ యూనియన్‌కు ఇస్తే, వాళ్ళు ఒక లాయరమ్మకు ఇచ్చారు. ఆమె రాసిన నాలుగు పేజీల్లో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: ఈ మందును మా దేశంలో పొలాల్లో కొట్టకూడదని ఆపేశారు, తయారుచేసి బయటికి పంపడం మాత్రం ఆపలేదు. తెలుగులో చెప్పాను. మేస్త్రీ చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. టీ ముట్టుకునే ముందు కుంకుడు నురగతో మూడుసార్లు కడుక్కోవడం ఆయన అలవాటు. ఆ రోజు టీ తాగనేలేదు.

లాయరమ్మ నాగమ్మ తరఫున ఆ దేశపు కోర్టులోనే దావా వేసింది. వేసిన కొన్నాళ్ళకు బొంబాయి నుంచి కంపెనీ మనిషి జీపులో నాగమ్మ గుడిసెకు వచ్చాడు. ఒక కాయితం ఇచ్చి, వేలిముద్ర వేస్తే సాయం అందుతుందన్నాడు. ఆమె ముద్ర వెయ్యకుండా కాయితం పట్టుకుని బస్సెక్కి మా దగ్గరికి వచ్చింది. చదివాను. నా భర్త ఇంట్లో గొడవపడి మందు తాగి చనిపోయాడు, కంపెనీ దయతో ఇచ్చేది పుచ్చుకుని ఇక ఏ దేశంలోనూ ఏమీ అడగను అని ఉంది.

ఆ ముద్ర పడితే నాగమ్మ ముగ్గురు పిల్లల మీద కప్పు నిలుస్తుంది. ఇంకోటి కూడా ఉంది. తాగి పోయాడంటే చెమ్మ మాట ఎవరూ ఎత్తరు, మేస్త్రీ కూడా ఒడ్డున పడతాడు. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలుసు. మేస్త్రీ తలెత్తకుండా, పిల్లలున్నవాళ్ళకు అది చిన్న సాయం కాదమ్మా, నువ్వు వేస్తే నేనేమీ అనుకోను అన్నాడు.

నాగమ్మ కాయితం వైపు చూడలేదు. ఆయన్నే చూస్తూ, "ఒక్కమాట చెప్పు సాయిబన్నా. నీ వాషర్ వల్లనే పోయాడా?" అంది.

నేను టైపు మిషను మీద మూత వేసినట్టు గుర్తు. ఎందుకు వేశానో తెలియదు.

"చెమ్మ నాదే నాగమ్మా. లేదనను. ఒంటికి చెమ్మ తగిలితే మనిషి పోయే మందు వాడిది."

ఆమె కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి నా ముందు పెట్టింది. "తాగాడంటే రేపు నా పిల్లలు నన్నే అడుగుతారు, అమ్మా, నువ్వేమన్నావని తాగాడు అని. ఇది వాడికే పంపించు పంతులూ" అంది. అదే కాయితం వెనక, ముద్ర వెయ్యనని ఆమె చెప్పినట్టే కొట్టి పంపాను.

గెలిచారా అని అడుగుతారు. గెలవలేదు. వాషర్ మాటను కంపెనీ లాయర్లు పట్టుకోనే పట్టుకున్నారు. చివరికి ఆ దేశపు జడ్జి, ఇది మీ దేశంలో తేల్చుకోవాల్సిన వ్యవహారం అన్నాడు. ఇప్పుడు దావా మన కోర్టులో వాయిదాల మీద ఉంది. ఎర్రగీత డబ్బా మాత్రం అంగళ్ళలో నుంచి మాయమైంది, ఎందుకు మాయమైందో ఎవరూ చెప్పలేదు.

ఆ తీర్పు నకలు రాగానే నాగమ్మకు కబురు పెడితే, మర్నాడు తొలి బస్సుకే వచ్చింది. మొదటి పేజీ మీద ఆమె పేరు పైన, కంపెనీ పేరు కింద ఉన్నాయి. మధ్యలో, ఇద్దరికీ ఎదురుబొదురు అన్నట్టు ఇంగ్లీషు 'వి' అని ఒక చిన్న అక్షరం. నేను వేలు పెట్టి చూపించాను. ఆమె అడిగింది ఒకటే, లోపల ఎక్కడన్నా ఆయన తాగాడని ఉందా అని. పేజీలన్నీ తిప్పి, లేదు, చేలో మందు కొడుతూ పోయాడనే ఉంది అన్నాను. ఆమె తలూపింది.

కొట్టులోనే ఉండిపోయిన తన మొగుడి పంపును తమ్ముడి కోసం తీసుకెళ్తానంది. మేస్త్రీ కొత్త వాషర్ వేసి, మంచినీళ్ళు నిండా పోసి, తన వీపుకే కట్టుకున్నాడు. ఇంకా ఎండెక్కలేదు, ఎండెక్కితే చెమటో చెమ్మో తెలియదని పొద్దున్నే పెట్టుకున్నాడు ఆ పని. అరవై దాటిన మనిషి, ఒళ్ళు ముందుకు వంగి, పిడి కొట్టుకుంటూ కోర్టు గోడ పొడుగునా నడిచాడు. నాగమ్మ రెండడుగుల వెనక నడిచింది. మూల దాకా పోయి తిరిగొచ్చారు. ఆయన పంపు దించి ఆమెకు వీపు తిప్పి నిలబడ్డాడు. నాగమ్మ అరచెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, ఆయన పొడి చొక్కా మీద ఆనించి, అట్లాగే ఉంచింది.