మొండిచేతి పట్టు

వెనకనుంచి అందరూ ఆమెను మొండక్క అనేవారు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, చేతినీ గుణాన్నీ ఒక్క మాటలో కట్టేశాడు. ఎడమ చేతికి చిటికెన వేలు మొదలంటా లేదు, ఉంగరపు వేలు సగమే ఉంది. కాబట్టి చెయ్యి మొండి. ఇక మనిషి మొండితనం గురించి ఆమె చెల్లెల్ని కదిలిస్తే చాలు, చేతిలో కుట్టుపని పక్కన పడేసి మరీ చెబుతుంది.

వేళ్లు పోయింది అట్టపెట్టెల ఫ్యాక్టరీలో, ఇరవై ఆరేళ్ల వయసులో. కట్టు విప్పించుకుని పనిలోకి వచ్చిన రోజున మేనేజరు ఆమె చేతికి చీపురిచ్చి, ఇకమీదట నీ పని ఇదే అన్నాడు. ఆమె ఆ చీపురును తీసుకెళ్లి మేనేజరు గదిలోనే ఓ మూల నిలబెట్టి, పెట్టెలకు టేపు వేసే విభాగంలో ఖాళీగా ఉన్న బల్ల ముందు నిలబడింది. పొమ్మన్నారు. మర్నాడు మళ్లీ అక్కడే నిలబడింది. పదకొండో రోజున పని పేరుకుపోయి, ఫోర్‌మన్ విసుగెత్తి ఒక టేపు చుట్ట ఆమె ముందు పడేశాడు. ఆ బల్ల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైంది.

అంత మొండి మనిషీ ఆ చేతిని మాత్రం దాచుకునేది. ఫ్యాక్టరీలో ఏప్రన్ జేబులో, బస్సులో కోటు జేబులో. ఎవరైనా చిల్లర ఇస్తే కుడి చేత్తోనే తీసుకునేది. పసిపిల్లలు అడిగే ప్రశ్నలకన్నా పెద్దవాళ్లు అడగకుండా చూసే చూపులంటేనే ఆమెకు ఒళ్లుమంట.

ఆ చెయ్యి జేబులోంచి బయటపడింది గోల్ఫ్ మైదానంలోనే. ఫ్యాక్టరీ వెనక గోడకు అవతల నగరపాలక సంస్థవాళ్ల మైదానం ఉండేది. తొమ్మిది గుంతలది, కొద్దిపాటి టిక్కెట్టుకు ఎవరైనా ఆడుకోవచ్చు. ముప్పై ఏళ్లు ఆ గోడ దాటి వచ్చిన బంతుల్ని తిరిగి అవతలికి విసిరిన మనిషి, రిటైరైన వారానికి, అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూద్దామని వెళ్లింది. పాత సామాన్ల బజారులో పదకొండు కర్రలున్న సంచీ ఒకటి కొనుక్కుంది. గోల్ఫు కర్రను ఎడమ చేతి చివరి మూడు వేళ్లతో బిగించి పట్టుకోవాలని నేర్పేవాళ్లు చెబుతారు. ఆమెకు ఆ మూడింట్లో మిగిలింది ఒకటిన్నర. అయినా రెండేళ్లలో బంతిని సూటిగా కొట్టడం నేర్చుకుంది. బంతి సరిగ్గా తగిలి టక్కుమన్నప్పుడు తనకు పది వేళ్లూ ఉన్నట్టే అనిపించేది. ఆ సంతోషం ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు.

అలాంటిది ఒక వాన వెలిసిన ఉదయం, ఆరో గుంత దగ్గర, ఏడో నంబరు కర్ర ఆమె చేతిలోంచి జారి గాలిలో గిరగిరా తిరుగుతూ వెళ్లి, మైదానం సెక్రటరీ నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ సెక్రటరీ మొహం పాలిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. భయస్తుల చేతిలో అధికారం ఉంటే ఎంత చిక్కో అందరికీ అనుభవమే.

"చూడండమ్మా, నాకు మీమీద కోపమేం లేదు," అన్నాడు ఆయన. "వచ్చే ఆదివారం నా ముందు తొమ్మిది గుంతలూ ఆడి చూపించండి. ఒక్కసారి కర్ర చెయ్యి జారిందా, ఇక మీరు మైదానంలోకి రాకూడదు. అదిగో, ఆ మూల ప్రాక్టీసుకి వల కట్టాం కదా, అందులో కొట్టుకోండి."

"వలలోనా?"

"మీ మంచికే చెబుతున్నా."

ఆమె కర్ర ఏరుకుని ఇంటికొచ్చింది. తప్పు ఎవరిదో దారిలోనే తేలిపోయింది. కర్ర పైభాగాన పట్టుకోవడానికి రబ్బరు తొడుగు ఉంటుంది, దాన్నే గ్రిప్పు అంటారు. ఆ పాత కర్రల గ్రిప్పులు ఎండి, గట్టిపడి, గాజులా నున్నబడ్డాయి. తడి తగిలితే పది వేళ్లున్నవాడికైనా నిలవవు. అవి మార్చాలి, అంతే.

సోమవారం సంచీ భుజాన వేసుకుని గోల్ఫు సామాన్ల కొట్టుకు వెళ్లింది. కొట్టతను ధరల కాగితం ముందు పెట్టాడు. గ్రిప్పుకింత, తొడిగినందుకు దాదాపు మళ్లీ అంత, పాతది ఊడదీసినందుకు వేరే. అన్నీ కలిపితే ఆమె పదకొండు కర్రలూ కొన్న ధరకు మూడింతలు.

"తొడగడానికి ఎంతసేపు పడుతుంది నాయనా?"

"కర్రకి అయిదు నిమిషాలు."

"అయిదు నిమిషాలకి ఇంతా?"

"అది అందరికీ చేతనయ్యే పని కాదమ్మా."

ఆమె ఆ మాటను మింగింది. డబ్బు సంగతి అలా ఉంచి, లోపల టేపు ఇంకొన్ని చుట్లు వేసి గ్రిప్పు కాస్త లావుగా చేసివ్వగలవా అని అడిగింది. లావుగా ఉంటే ఆ సగం వేలు కూడా కర్రకు ఆనుతుంది, అదీ ఆమె ఆలోచన. కొట్టతను తల అడ్డంగా ఊపాడు. "మామూలు సైజే వేస్తాం. తేడా వస్తే మా పేరు పోతుంది. అయినా మీ చేతికి ఏ గ్రిప్పు వేసి ఏం లాభం చెప్పండి."

"నాకే మొండిచెయ్యి చూపిస్తున్నావా బాబూ? ఇదిగో, అది నా దగ్గర ఎప్పణ్ణుంచో ఉంది!" అని ఆమె ఎడమ చేతిని జేబులోంచి తీసి కౌంటరు మీద చాపి పెట్టింది.

బయటివాళ్ల ముందు కావాలని ఆ చెయ్యి చూపించడం ఆమె జన్మలో అదే మొదలు. కొట్టతను దాన్ని చూసి, వెంటనే చూపు ధరల కాగితం మీదికి దించుకున్నాడు. ఆమె చెయ్యి మాత్రం తియ్యలేదు.

"గ్రిప్పులు పదకొండు ఇవ్వు," అంది. "విడిగా అమ్ముతావా, లేక కొనుక్కోవడం కూడా అందరికీ చేతకాదా?"

విడిగా కొంటే కొట్టతను చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు. రెండు వైపులా అంటుకునే టేపు, రంగుల కొట్లో ఒక సీసా టిన్నరు, వంకీ కత్తి ఒకటి కొన్నా కూడా చాలా మిగిలింది. ఇంటికొచ్చి వంటగది బల్ల మీద పాత కాగితాలు పరిచింది. చెల్లెలు స్టవ్వు ఆర్పేసి కిటికీలన్నీ తెరిచి, ముక్కు మూసుకుని గుమ్మంలో నిలబడింది. ఆ ఇంట్లో ఇద్దరే ఉంటారు. చెల్లెలు దర్జీపని చేస్తుంది, మాటలు కూడా కత్తిరించినట్టే ఉంటాయి.

"ఇల్లు పెట్రోలు బంకైపోయింది. ఎందుకే అక్కా ఈ పంతం?"

"పంతం కాదే, పని."

"నీకు రెండింటికీ తేడా తెలిస్తే కదా."

పాత గ్రిప్పుల్ని చీరి ఊడదియ్యడం ఆమెకు చిటికెలో పని. ముప్పై ఏళ్లు కత్తీ టేపూ పట్టిన చేతులవి. అసలు చిక్కు కొత్తది తొడగడంలో ఉంది. కర్రకు టేపు చుట్టి, గ్రిప్పు చివరి కన్నాన్ని వేలితో మూసి, అంటుకోకుండా జారడానికి లోపల టిన్నరు పోసి కుదిపి, ఆ టిన్నర్నే టేపు మీద ఒంపి, ఆరేలోగా ఒక్క తోపులో కిందిదాకా దించెయ్యాలి. జంకితే అంతే సంగతులు. మొదటిదానికి ఆమె టిన్నరు పొదుపుగా పోసింది. గ్రిప్పు సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. కోసి పారెయ్యాల్సి వచ్చింది. రెండోదానికి టిన్నరు సరిపడా పోసింది గానీ, లావు కావాలని పైనుంచి కిందిదాకా టేపు ఏడు చుట్లు చుట్టింది. అది కూడా సగంలోనే బిగుసుకుపోయింది. దాన్నీ కోసేసింది.

అప్పుడామెకు ఏడుపొచ్చింది. కుర్చీలో కూలబడి ఏడ్చింది కూడా. పోయిన గ్రిప్పుల కోసం కాదు. కొట్టతను అన్న మాట నిజమవుతుందేమో, ఇక మిగిలింది వలేనేమోనని భయం పట్టుకుంది.

చెల్లెలికి అక్క ఏడుపు చూడటం అలవాటు లేదు. గుమ్మం దగ్గర్నుంచి వచ్చి పక్కన కూర్చుంది. "డబ్బులు నేనిస్తాను, ఆ కొట్టుకే ఇచ్చేద్దాం."

"వాడు నా చేతికి చెయ్యడే. అందరి చేతికీ చేస్తాడు."

"అయితే నీ చెయ్యి ఇటివ్వు."

"దేనికి?"

"కొలత తీసుకోకుండా చొక్కా కుట్టేవాళ్లని ఎక్కడైనా చూశావా? ఇటివ్వు చెబుతాను."

చెల్లెలు మెడలోని కొలతల టేపు తీసి, అక్క చేత కర్ర పట్టించి, వేళ్ల చుట్టూ కొలిచింది. సగం వేలి మొనకూ కర్రకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూసింది. చిటికెన వేలు ఉండాల్సిన చోట అరచెయ్యి ఎంత వదులుగా ఉందో చూసింది. ఆ ఖాళీ అంతా కర్ర పైకొస దగ్గరే ఉంది. కిందకు వచ్చేసరికి చూపుడు వేలూ మధ్య వేలూ చక్కగా బిగుసుకునే ఉన్నాయి.

"కింద లావెందుకే నీకు?" అంది చెల్లెలు.

మొండక్క కళ్లు తుడుచుకుని తన చేతివంక చూసుకుంది. పెట్టె మొత్తానికి టేపు చుట్టేవాడు మూర్ఖుడని ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు తనే కదా చెప్పేది. బరువు పడే మూలకు నాలుగు వరసలు, మిగతా చోట ఒక వరస. ముప్పై ఏళ్లు చేసిన పని తన చేతి దగ్గరికి వచ్చేసరికి గుర్తుకు రాలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మూడోసారి కర్ర పైకొసన ఏడు చుట్లు చుట్టి, కిందికి వచ్చేకొద్దీ తగ్గించుకుంటూ ఒక్క చుట్టుతో ఆపింది. గ్రిప్పు కన్నాన్ని మామూలువాళ్లు చిటికెన వేలితో మూస్తారట, ఆమె బొటనవేలితో మూసింది. టిన్నరు ధారాళంగా పోసింది. ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోసింది. గ్రిప్పు సర్రున జారి అడుగుదాకా దిగి కూర్చుంది. చెల్లెలు చప్పట్లు కొట్టి, వెంటనే తన వయసు గుర్తొచ్చినట్టు చేతులు దించేసుకుంది. శనివారానికల్లా తొమ్మిది కర్రలు తయారయ్యాయి. మిగిలిన రెండింట్లో ఒకటి బంతిని గుంతలోకి నెట్టే కర్ర, అది ఎగిరిపోయేది కాదు. రెండోది ఎలాగూ ఆమె ఎప్పుడూ వాడదు.

ఆదివారం గడ్డి మీద మంచు తడి ఇంకా ఆరలేదు. సెక్రటరీ చేతిలో అట్ట, కాగితం పట్టుకుని వెనకే నడిచాడు. గడ్డి కోసే ముసలాయన యంత్రం ఆపేసి, పని ఏమీ లేనట్టు వాళ్ల వెంటే వచ్చాడు. మొండక్క మొదటి బంతిని చాలా భయంగా కొట్టింది. అది నలభై గజాలు దొర్లి ఆగింది. రెండోది ఇసకలో పడింది. మూడో గుంత దగ్గర ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. జారుతుందేమోనని చూడటానికి వచ్చినవాడి కోసం బెదురుతూ ఆడటమేమిటి? పోతే పోనీ అని ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. సగం వేలు గ్రిప్పుకు గట్టిగా ఆనుకుంది. బంతి టక్కుమని లేచి, గుంత దగ్గరి జెండా దాటి పోయింది. ఆ తరవాత తొమ్మిదో గుంత దాకా బంతులు కొన్ని సూటిగా పోయాయి, కొన్ని పొదల్లోకి పోయాయి. బంతి ఎటు పోయినా కర్ర మాత్రం చేతిలోనే ఉంది.

సెక్రటరీ కాగితం మీద ఏదో రాసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"బాగానే ఆడారు, కాదనను. ఈసారికి సరే. కాకపోతే మీ చెయ్యి అలాంటిది కాబట్టి, నెలకోసారి ఇలా నా ముందు ఆడి చూపిస్తూ ఉండండి. మీ మంచికే."

మొండక్క కర్రను సంచీలో పెట్టి ఆయనవైపు తిరిగింది.

"పోయిన ఏడాది ఇక్కడ ఎన్ని కర్రలు చెయ్యి జారాయండీ?"

"అదంతా ఇప్పుడెందుకు..."

"మైదానం చెరువులోంచి నేను తీసినవే మూడు," అన్నాడు గడ్డి కోసే ముసలాయన, ఎవరూ అడక్కుండానే. "రెండు ఇక్కడ ఆడే లాయరుగారివి. ఒకటి తమరిది."

సెక్రటరీ మొహం ఎర్రబడింది. మొండక్క నవ్వలేదు.

"మీ అందరికీ పదేసి వేళ్లున్నాయి. మీలో ఎవరినీ ఆడి చూపించమనలేదు," అంది. "నా కర్రలు చూడండి సెక్రటరీగారూ, నెలకోసారి కాదు, రోజూ చూడండి. అందరి కర్రలూ వరసగా పెట్టి, వాటితో పాటు నావీ చూడండి. నా చేతిని మాత్రం ఇక ఎవరికీ పరీక్షకు పెట్టను."

ఆమె ఆయన పక్కనుంచి నడిచి ఆఫీసు వరండాలోకి వెళ్లింది. వచ్చే ఆదివారం పోటీకి పేర్లు రాసే కాగితం అక్కడ బోర్డుకు గుచ్చి ఉంది. సెక్రటరీ వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆయన జేబులో పెన్ను ఉంది, ఇవ్వలేదు. ఆమె సంచీలో వెతికి తన పెన్ను తీసుకుంది. ఎడమ చేత్తో కాగితాన్ని బోర్డుకు అదిమిపట్టి, ఆయన చూస్తుండగానే పేరు రాసింది.