ఇద్దరూ సంతోషమంటే సారు సంతకం పెట్టలే

ఒక పిల్ల బతుకుల ఒక ఏడాదిని మీరు తిన్నరు. తిని, సంతృప్తిగా ఉన్నామని కాగితం మీద సంతకం పెట్టిండ్రు. మిమ్మల్నే అంటున్న. పని నేర్పుతమని పిల్లలను అప్రెంటిస్‌లుగ తీసుకున్న వర్క్‌షాపు ఓనర్లను, "మా పిల్లకు అప్రెంటిస్ దొరికింది, ఇగ ఫికర్ లేదు" అని నిమ్మళంగ ఉన్న అవ్వలను, బాపులను, ఆ పిల్లల పేరు చెప్పి జెండా పట్టిన నాలాంటోళ్లను గూడ కలిపే అంటున్న. ఆ సంతకాలను నమ్మని మనిషి మనకు ఒక్కడుండె. పోయిన వారం ఆయన గూడ పోయిండు.

మా టర్నర్ సారు. ఐటీఐల మాకు లేతు మిషన్ మీద ఇనుము కోసుడు నేర్పిన సారు. నస్పూర్‌ల తన ఇంట్ల, మధ్యాహ్నం అన్నం తిని కుర్చీల ఒరిగిండట, మళ్ల లేవలే. రిటైరై మూడేండ్లయింది. ఫోన్ చేసిన దోస్తు "సారు పోయిండురా" అని, ఇంకేం అనాల్నో తోచక, "నువ్వు కరీంనగర్‌లనే ఉన్నవా" అనడిగిండు. ఉన్న. బస్సెక్కిన. పోయి చూస్తే వాకిట్ల ఆయన దగ్గర పని నేర్చుకున్నోళ్లు సగం మంది డ్యూటీ బట్టల మీదనే నిలబడ్డరు. చేతులకు ఆయిల్ మరకలు అట్లనే ఉన్నయి.

నేను ఆయన మొదటి బ్యాచుల్లో ఒకణ్ణి. పని విడిచిపెట్టి యూనియన్ల పడ్డ, వ్యాసాలు రాసుడు మొదలువెట్టిన. సారు ఎప్పుడు కలిసినా ఒక్కటే ఎద్దేవ: "మంచి టర్నర్‌వి అయ్యేటోనివిర నువ్వు. మైకు పట్టుకుంటే కొలతలు తీసే బాధ లేదని అటు పోయినవ్."

ఐటీఐ అయినంక పిల్లలు ఏడాది పాటు ఏదన్న వర్క్‌షాపుల అప్రెంటిస్ చెయ్యాలె. ఆడ పని నడుస్తుందో లేదో చూసొచ్చి, ఆఖరుకు సంతకం పెట్టే పని సారు మీద ఉండె. వేరేవాళ్లు పోతే ఓనర్ కుర్చీ ఏస్తడు, చాయ్ చెప్తడు, రిజిస్టర్ ముందట పెడతడు. మా సారు కుర్చీ దిక్కు గూడ చూసేటోడు కాదు. సక్కగ వెనుక ఉన్న స్క్రాప్ కుప్ప కాడికి పోయి కూసునేటోడు. చెడిపోయిన ఇనుప ముక్కలను ఒక్కొక్కటి తీసి, బొటనవేలుతోని రాసి చూసేటోడు.

"ఇది మిస్త్రీ తొందరపడ్డది. ఇది కరెంటు పోయి సగంల ఆగింది. మరి మా పిల్లగాడు పాడుచేసింది ఏది?"

"ఒక్కటి గూడ పాడుచెయ్యలే సార్. మస్తు మంచోడు" అని ఓనర్ గర్వంగ చెప్పేటోడు.

"అయితే మిషన్ ముట్టనియ్యలే అన్నట్టు" అనుకుంట సారు లేచి చేతులు దులుపుకునేటోడు.

ఏడాది ఆఖరుకు నింపే ఫారాల కాడ గూడ ఆయన పద్ధతి వేరు. ఓనర్‌ను, అప్రెంటిస్‌ను ఒక్కతాన అడిగేటోడు కాదు. ఓనర్‌ను వర్క్‌షాపుల అడిగితే పిల్లను బస్టాండు కాడ అడిగేటోడు. అడిగేది అదే ప్రశ్న. ఇద్దరి కాగితాలు పక్కపక్కన పెట్టుకొని చదివేటోడు. ఓనర్ "మెటీరియల్ ఖరాబ్ చేస్తుండు" అని తిట్టి, పిల్లగాడు "బాగుంది సార్" అంటే ఆయన మొఖం వెలిగేది. ఇద్దరూ సణిగినా పరేషాన్ అయ్యేటోడు కాదు, ఆడ ఏదో పని నడుస్తుందనేటోడు. ఇద్దరూ "పూర్తి సంతృప్తి" అని రాసిన్నాడే స్కూటర్ బయటికి తీసేటోడు. "గింత సంతోషం ఏడికెళ్లి వచ్చిందో పోయి చూడాలె."

ఆయనతోని నాకు లొల్లి అయింది గూడ దీని మీదనే. చెన్నూరు పిల్ల రజిత, మంచిర్యాలల ఒక వర్క్‌షాపుల ఏడాది చేసింది. ఓనర్ పూర్తి సంతృప్తి అన్నడు. రజిత గూడ అదే రాసింది, అది గూడ బస్టాండు కాడ, ఓనర్ పక్కన లేనప్పుడు. అయినా సారు సంతకం పెట్టలే. సరిగ్గ అప్పుడే ఒక కంపెనీల టర్నర్ ఉద్యోగాలు పడ్డయి. ఆఖరు తేదీకి వారమే ఉంది. సర్టిఫికెట్ లేకుంటే దరఖాస్తు తీసుకోరు. రజిత నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆడపిల్ల కాబట్టే ఆపుతుండ్రని నేను కరపత్రం రాసుకొని, నలుగురిని ఏసుకొని ఐటీఐకి పోయిన.

"ఓనర్‌కు లేని బాధ, పిల్లకు లేని బాధ మీకేంది సార్?"

"వాళ్లు అబద్ధం చెప్తలేరురా. ఇద్దరికీ నిజంగనే సంతోషం. గదే నా పరేషాన్. నడువు, నువ్వే చూద్దువు."

రజితను తీసుకొని అందరం వర్క్‌షాపుకు పోయినం. ఓనర్ చెడ్డోడేం కాదు. "నా బిడ్డ లెక్క చూసుకున్న సార్. పొద్దుగూకక ముందే బస్సెక్కించిన. ఒక్కనాడు మాట అనలే" అన్నడు. రజిత అవునని తల ఊపింది. బిల్లులు రాసిందట, ఫోన్లు ఎత్తిందట, సామాన్ల పేర్లన్నీ నోటికి వచ్చట.

సారు ఒక కడ్డీ ముక్క ఆమె చేతుల పెట్టి "మిషన్‌కు బిగించి ఒక్క కోత కొయ్యి బిడ్డా" అన్నడు.

లేతు మీద ముక్కను కరిచిపట్టుకొని తిరిగేదాన్ని చక్ అంటరు. దాన్ని బిగించడానికి పానా లెక్క చేతితోని తిప్పే ఒక తాళం ఉంటది. రజిత కడ్డీని చక్‌ల పెట్టింది, తాళంతోని గట్టిగ బిగించింది. తాళాన్ని దాంట్లనే ఉంచి స్విచ్ ఏసింది.

టక్కుమన్నది. మిషన్ తిరగలే. గోడ మీది మెయిన్‌ను సారు ముందే బంద్ చేసి పెట్టిండు. తిరిగి ఉంటే ఆ తాళం తూటా లెక్క లేచి మొఖానికి తగిలేది. ఆడున్న మిస్త్రీలకందరికీ అది తెలుసు.

"రెండేండ్లు నేనే చెప్పిన" అన్నడు సారు, ఎవ్వరినీ చూడకుంట. "ఏడాది ముట్టకపోతే చెయ్యి మర్చిపోతది. రేపు కొత్త ఉద్యోగంల మొదటిరోజు మెయిన్ ఎవరు బంద్ చేస్తరు?"

ఓనర్ "ఎన్నడు అడగలే సార్ ఈ పిల్ల" అని గునిసిండు.

"అడిగిన" అన్నది రజిత. "మొదటి వారంల అడిగిన. చేతులు ఖరాబైతయ్ బిడ్డా అన్నరు. అటెంక అడగాలని గూడ అనిపియ్యలే."

"బిడ్డ లెక్క చూసుకున్నవ్ సేటు, కాదంటలే. పని చేసే మనిషి లెక్క గూడ చూసేదుండె" అన్నడు సారు. నా దిక్కు తిరిగి, "చెప్పు లీడర్ సాబ్, పెట్టాల్నా సంతకం?"

కరపత్రాలు నా సంచిలనే ఉన్నయి. తియ్యలే.

సారు రజిత అప్రెంటిస్ గడువు మూడు నెల్లు పొడిగించిండు. ఆ ఉద్యోగం దరఖాస్తు తేదీ దాటిపోయింది. నేనది దాచను, సారు గూడ దాచలే. చెన్నూరు పోయి, రజిత బాపు ముందట కూసుండి, "నా వల్లనే పోయింది" అని చెప్పొచ్చిండు. ప్రతి గురువారం వర్క్‌షాపుకు పోయిండు. రెండో నెలల ఓనర్ ఫోన్ చేసి "మీ పిల్ల నా మెటీరియల్ అంత ఖరాబ్ చేస్తుంది సార్" అని మొత్తుకున్నడట. అది నాకు చెప్పుకుంట సారు కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్విండు. "గీ ఫోన్ కోసమే ఇన్నొద్దులు ఎదురుచూసిన."

రజిత ఇప్పుడు పెద్దపల్లి దిక్కు ఒక ఫ్యాక్టరీల టర్నర్. అంత్యక్రియలకు వచ్చింది. "అప్పటి ఉద్యోగం పోయిందని సారు మీద నాకు ఇప్పటికీ కోపమే అన్నా" అన్నది. మళ్ల తనే, "కోపం చేసుకునుటానికైనా మనిషి ఉండాలె గద" అన్నది.

ఇప్పుడు ఆ ఫారం ఫోన్లకు వచ్చింది. ఓనర్ దగ్గరి గుమస్తానే రెండు ఫారాలు నింపుతుండు, పిల్ల ఫోన్‌కొచ్చిన ఓటీపీ నంబర్ అడిగి కొడుతుండు. ఇద్దరి సంతృప్తి నిమిషంల తయారు. మీటింగుల తెర మీద అది చూపిస్తుండ్రు, మీరు చప్పట్లు కొడుతుండ్రు. మా సారుకున్న ఓపిక నాకు లేదు. అందుకే బతిమిలాడుతలేను, డిమాండ్ చేస్తున్న.

ఓనర్ ఫారం ఓనరే నింపాలె, అప్రెంటిస్ ఫారం అప్రెంటిసే నింపాలె. ఒక్కతాన కాదు.

ఆ రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివే మనిషి ప్రతి ఐటీఐల ఒకరుండాలె. వర్క్‌షాపులకు పోయొచ్చే తీరిక ఆ మనిషికి ఇయ్యాలె.

మిషన్ మీద పని చేసి చూపియ్యకుంట ఏ పిల్లకూ, ఏ పిల్లగానికీ సర్టిఫికెట్ ఇయ్యొద్దు.

ఓనర్ నేర్పక గడువు పెరిగితే, కంపెనీలు ఆ పిల్ల ఉద్యోగం దరఖాస్తు తీసుకోవాలె. సర్టిఫికెట్ తర్వాత చూడాలె.

మిషన్ ముట్టనియ్యని ఓనర్‌కు మళ్ల అప్రెంటిస్‌ను పంపొద్దు.

సారు రిటైరైనప్పటి సంది ఖాళీగున్న టర్నర్ పోస్టు నింపాలె. మా ఐటీఐల కిటికీ పక్క లేతు మీద కప్పిన పట్టా తియ్యాలె. దాని మీద పావురం రెండు గుడ్లు పెట్టింది. అవి పొదిగి, పిల్లలు ఎగిరిపోయేదాంక ఆగుత. ఆ మీద ఒక్కరోజు గూడ ఆగను.