వంగకు ఉస్తి వేరు

మా సరూర్‌నగర్ ఇంటి పెరట్లో వంగ ఎప్పుడు పెట్టినా పూత వరకే. పొద్దున లేచేసరికి పచ్చటి మొక్క తల వాల్చేసేది. మట్టిలో ఉన్న రోగం, ఏ మందు చల్లినా ఆగలేదు. పైవాటాలో కిరాయికున్న గోదావరి జిల్లా ఆమె, వాళ్ల అమ్మ పోయేముందు ఇచ్చిన ముళ్లవంగ విత్తనమంతా ఆ మట్టికే పోగొట్టుకుంది. చివరి చిటికెడు గింజలు కుండీలో మొలిచాయి. అవీ పోతే ఆ వంకాయ ఇక లేనట్టే.

ఆమె దిగులు మా అత్త చూడలేకపోయింది. నల్గొండ పల్లెలో పుట్టిన మనిషి కదా! వాళ్ల ఊరి చెరువు గట్టున అడవిగా పెరిగే, వంగజాతిదే అయిన ఉస్తి మొక్కలు వేళ్లతో సహా తెచ్చి నాటింది. "గీ ఉస్తికి ఏ రోగం రాదు ఒదినా. ఏం చేస్తవో చెయ్యి" అన్నది. పైవాటా ఆమె పుట్టింటివాళ్లకు మామిడి అంట్ల నర్సరీ ఉండేది. ఉస్తి కాండం చీల్చి, వంగ మొలక తలను చెక్కి అందులో దూర్చి, పట్టీ కట్టి, పైన పాలిథిన్ సంచి తొడిగింది. అన్నింట్లో ఒక్కటే అతుక్కుంది.

ఉద్యమం జోరుమీదున్న రోజులవి. మా అత్త ఎల్బీ నగర్ కూడలిలో గొంతు పోయేదాకా "జై తెలంగాణ" అని వచ్చి, చెంబు పట్టుకొని నేరుగా ఆ ఆంధ్ర వంగ దగ్గరికి పోయేది! నేను నవ్వితే, "నీకేం ఎరుక, నోర్ముయ్" అనేది.

ఇంతలో పైవాటా ఆమె కూతురింటికి వెళ్లి, బంద్‌కు బస్సులు లేక అక్కడే చిక్కుకుపోయింది. ఇక్కడ ఏమీ తోచని మా అత్త పార పట్టింది. పల్లెలో ప్రతి వంగకూ చేసినట్టే, ఎంతో మురిపెంగా మొదలుకు మట్టి ఎగదోసింది. అతుకు మునిగిపోయింది.

తిరిగొచ్చిన పైవాటా ఆమె చూసి గుండె బాదుకుంది. "అయ్యో వదినగారూ, ఎంత పని చేశారండీ! అతుకు మట్టిలో పడితే వంగ సొంత వేళ్లు వేసుకుంటుంది. రోగం వాటినుంచే ఎక్కుతుంది. మా అమ్మ విత్తనమండీ అది!" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

మా అత్త అంతగా చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. మా అత్త మొక్క దగ్గర కూర్చుని చేతులతోనే మట్టంతా తోడింది. అతుకు పైన అప్పటికే తెల్లటి సన్న వేళ్లు. నేను బ్లేడు ఇస్తే పైవాటా ఆమె ఆ వేళ్ల దాకా తెచ్చి ఆగిపోయింది. "ఇటియ్యి" అని మా అత్తే ఒక్కొక్కటీ గీకేసింది.

మొక్క బతికింది. కానీ మా అత్త మళ్లీ దాని ఛాయలకు పోలేదు. నీళ్లు కూడా నన్నే పొయ్యమనేది. "నా చెయ్యి మంచిది కాదు" అన్నది ఒకే మాట. మొదటి కాయను విత్తనానికి వదిలేశాం. అది పండి పసుపెక్కాక పైవాటా ఆమె గింజలు తీసి ఎండబెట్టి, ఒక్కటీ దాచుకోకుండా మా అత్త దగ్గరికి తెచ్చింది.

"నాకెందుకు ఒదినా? సంపబోయినదాన్ని."

"మీరే నారు పొయ్యండి వదినగారూ. మా అమ్మ ఉంటే ఆవిడ చేతికే ఇచ్చేదాన్ని."

మా అత్త రెండు చేతులూ చీరకు తుడుచుకొని, కొంగు పట్టింది.