ఆరో గ్రీను చుట్టూ వేసిన గట్టు

భిలాయిలో మే నెల ఎండ గురించి ఇక్కడ పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. పదింటికే రోడ్డు మీద తారు మెత్తబడుతుంది. పన్నెండింటికి కుక్కలు కూడా కాలవ కల్వర్టుల కిందికి దూరిపోతాయి. అలాంటి ఎండలో నేను తొమ్మిదేళ్లుగా గడ్డికి నీళ్లు పెట్టిస్తున్నాను. తినే గడ్డి కాదు, పశువులు మేసే గడ్డీ కాదు. పెద్దవాళ్లు తెల్ల టోపీలు పెట్టుకుని వచ్చి, కర్రతో చిన్న బంతిని కొట్టి, దాని వెనకాలే నడుచుకుంటూ వెళ్లే గడ్డి. టౌన్‌షిప్ గోల్ఫ్ మైదానంలో కాంట్రాక్టరు కింద నేను సూపర్‌వైజర్ని. పేరు పెద్దది, పని మాత్రం పైపులు మోసేవాళ్ల వెనకాల పైపు మోయడమే.

మైదానమంతా ఒక ఎత్తు, గ్రీన్లు ఒక ఎత్తు. బంతి చివరికి పడాల్సిన గుంట చుట్టూ తివాచీలా పొట్టిగా కత్తిరించిన గడ్డినే గ్రీను అంటారు. మిగతా మైదానం ఎండి గోధుమరంగుకి తిరిగినా ఎవరూ ఏమీ అనరు. గ్రీను మీద అరచేయంత పసుపు మచ్చ కనబడితే చాలు, నాకు ఫోను వస్తుంది.

ఆ గ్రీన్లను బతికించింది నేను కాదని ముందే చెప్పేస్తాను. మాతో పనిచేసే ఒకావిడ బతికించింది. నాకు చుట్టమేమీ కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖుర్సీపార్‌లో మా వీధి చివర స్థిరపడిన కుటుంబం వాళ్లది. చిన్నప్పటి నుంచీ పిన్నీ అనే పిలిచాను. మైదానంలో మిగతావాళ్లు దీదీ అనేవారు. ఆవిడ గ్రీను అంచుకి రాగానే చెప్పులు విప్పేసేది. ఉత్తి మడమతో గడ్డిని ఒకచోట నొక్కి, పక్కకు జరిగి, అడుగు గుర్తు ఎంతసేపట్లో పైకి లేస్తుందో చూసేది. వెంటనే లేస్తే గడ్డి బాగున్నట్టు. లేవకుండా అలాగే పడుంటే నీళ్లయినా తక్కువై ఉండాలి, వేళ్లకి జబ్బయినా చేసి ఉండాలి. రెండింట్లో ఏదో తేల్చుకోడానికి కొంగులోంచి పాత కూరల కత్తి తీసి, బొటనవేలంత మట్టిముక్కని గడ్డితో సహా పెకలించి వాసన చూసేది. నాకు ట్రైనింగు పేరుతో కంపెనీవాళ్లు రెండు రోజులు చూపించిన బొమ్మల్లో ఈ వాసన సంగతి ఎక్కడా లేదు.

నేను చెప్పే ఏడు మరోదా చెరువులో నీళ్లు బాగా అడుగంటాయి. మైదానానికి పొద్దున రెండు గంటలే పంపు, సాయంత్రం ఒక గంట. గ్రీన్లకి తప్ప దేనికీ చుక్క పెట్టొద్దని కాగితం వచ్చింది. నాకు అది కష్టంగా అనిపించలేదు. ఎందుకంటే నాకు మైదానంలోనే, పంపుహౌసు వెనక, ఒక గది ఇచ్చారు. ఆ గదిలో కుళాయి ఉంది. తిప్పితే నీళ్లు వస్తాయి. ఖుర్సీపార్‌లో పుట్టి బిందెల వరసలో పెరిగినవాడికి అదెంత పెద్ద సంగతో ఇంకొకరికి చెబితే నవ్వుతారు. మా ఆవిడకి అప్పటికి మూడు నెలల పసిపిల్ల. ఆ కుళాయి కోసం నేను ఎంత చెత్త ఉద్యోగమైనా చేసేవాణ్ణి. చేశాను కూడా.

ఖుర్సీపార్‌లో ఆ వేసవిలో రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగింటికి కుళాయి వచ్చేది. పిన్ని ఇంట్లో నీళ్లు పట్టడానికి ఇంకెవరూ లేరు. బాబాయి ఎన్నో ఏళ్లు ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసి, ఊపిరితిత్తులు పాడై మంచానికి అతుక్కుపోయాడు. అందుకని కుళాయి వచ్చే రోజుల్లో ఆవిణ్ణి మూడింటికే పంపించేసేవాణ్ణి. డ్యూటీ ఆరింటిదాకా. రిజిస్టర్లో మాత్రం పూర్తి రోజు వేసేవాణ్ణి. అదొక పెద్ద దాతృత్వం అనుకుని మా ఆవిడ దగ్గర చెప్పుకున్నాను కూడా. గాడిదని.

మైదానంలో ఏటా జరిగే టోర్నమెంటు ఇంక నెల రోజులుందనగా ఆరో గ్రీను పసుపుకి తిరగడం మొదలుపెట్టింది. నీలగిరి చెట్ల పక్కన పల్లంలో ఉంటుంది అది. పిన్ని మడమతో నొక్కి, కత్తితో పెకలించి, మట్టిముక్కని నా ముక్కు దగ్గర పెట్టింది. మురిగిన వాసన వచ్చింది.

"ఇది దాహం కాదు బాబూ, కుళ్లు. మూడు రోజులు నీరు ఆపేసి, గునపంతో చిల్లులెట్టి ఇసక పోయ్. అదే తేరుకుంటాది" అంది.

నాకు నచ్చలేదు. ఊరంతా మాడిపోతుంటే నీళ్లు ఎక్కువై గడ్డి చస్తుందంటే ఎవరు నమ్ముతారు? పైగా నేను సూపర్‌వైజర్ని. ఆవిడ చెప్పింది వింటే నేనెందుకు? మా నాన్నది విజయనగరం దగ్గర వరి పండించే కుటుంబం. ప్లాంటులో ముప్పయ్యేళ్లు చేసినా ఆయన మాటల్లో పొలం వదల్లేదు. ఆకు పసుపెక్కితే మడికి నీళ్లు కట్టాలి, గట్టు తెగితే పంట పోయినట్టే అని వెయ్యిసార్లు విన్నాను. నేను పొలం గట్టు మీద నిలబడింది మొత్తం నాలుగైదు సార్లు, అదీ వేసవి సెలవుల్లో. అయినా వరి రక్తం అని ఒకటి ఉందని, అది నాకూ ఉందని నా పొగరు.

మర్నాడు కుళాయి రోజు. పిన్ని మూడింటికి వెళ్లిపోయింది. ఆవిడ గేటు దాటేదాకా ఆగాను. నీళ్లు పల్లంలోంచి జారిపోతున్నాయి కాబట్టే గడ్డికి అందట్లేదని నేను లెక్క వేసుకున్నాను. ట్రాక్టరు డ్రైవరు సాయంతో ఎనిమిది ఇసక బస్తాలు తెచ్చి, పల్లంవైపు గ్రీను అంచున వరసగా పేర్చి, సందుల్లో మట్టి కూరాను. అచ్చం మడి గట్టే. సాయంత్రం గంటసేపూ ఉన్న నీళ్లన్నీ దానికే వదిలాను. పొద్దున పిన్నిని మైదానం అటు చివరి గ్రీన్లకి పంపేసి మళ్లీ వదిలాను. బెత్తెడు నీళ్లు నిలిచి తళతళ మెరుస్తుంటే గట్టు మీద నిలబడి, మా నాన్న చూస్తే బావుండునని అనుకున్నాను.

పదింటికి ఎండ ముదిరింది. పదకొండింటికి ఆ నీళ్లలో చెయ్యి పెడితే చురుక్కుమంది. నిలిచిన నీళ్లు కాగుతాయి, కాగిన నీళ్లలో గడ్డి ఉడుకుతుంది. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు. మధ్యాహ్నానికి నీళ్లు ఇంకిపోయాక చూస్తే ఆరో గ్రీను ఉడికిన తోటకూర రంగులో నేలకి అంటుకుపోయింది. మచ్చ కాదు, సగానికి సగం పోయింది.

మైదానం సెక్రెటరీ రిటైరైన ఆఫీసరు. దుర్మార్గుడేం కాదు, ఆ మాట కూడా చెప్పాలి. మూడింటికి వచ్చి చూసి, అరవలేదు, తిట్టలేదు. ఆఫీసు గదిలో కూర్చుని రిజిస్టరు తెరిచి, నిన్న సాయంత్రం నీళ్లు ఎవరు వదిలారని హిందీలో అడిగాడు. నేను వదిలానని చెప్పాలి. ఒక్క మాట. ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చింది, దాంతోపాటే కుళాయి కనపడింది. పిల్లని ఎత్తుకుని మళ్లీ ఖుర్సీపార్ వెళ్లడం, మా ఆవిడ బిందెతో వరసలో నిలబడడం కనపడ్డాయి. ఆయన వేలు అప్పటికే రిజిస్టర్లో పిన్ని పేరు దగ్గర ఆగింది. నీళ్ల డ్యూటీ, ఆరింటిదాకా, పూర్తి రోజు. అది నా చేతిరాతే.

"డ్యూటీ ఆవిడదే సర్" అన్నాను.

అబద్ధం కాదది. అందుకే మరీ నీచం. రిజిస్టర్లో ఉన్నదే చదివినట్టు చెప్పాను.

ఆయన ఆవిణ్ణి పిలిపించాడు. పిన్ని వచ్చేదారిలోనే ఆరో గ్రీను చూసింది, బస్తాల వరస చూసింది. ఒక్కో బస్తా ఇద్దరు మగాళ్లు ఎత్తాల్సిన బరువు. యాభై ఐదేళ్ల మనిషి అవి ఎలా మోసిందని సెక్రెటరీకి అనుమానం రాలేదు. పనివాళ్లు ఏదైనా మోస్తారని ఆయనకి అలవాటు. నువ్వేనా వదిలావు అని ఆయన అడిగితే పిన్ని ముందు నా వైపు చూసింది. నేను గోడ అలమరాలో వరసగా పెట్టిన టోర్నమెంటు కప్పుల వైపు చూశాను. తరవాత ఆవిడ తానే వదిలానని, పొరపాటైపోయిందని హిందీలో మెల్లిగా చెప్పింది. రేపట్నుంచి రావొద్దన్నారు. పన్నెండేళ్ల పని అయిదు నిమిషాల్లో అయిపోయింది.

బయట సైకిల్ స్టాండు దగ్గర ఆవిణ్ణి అందుకున్నాను. ఎందుకు చెప్పలేదు పిన్నీ అని అడగడానికి సిగ్గుండాలి. నాకు లేదు, అడిగాను.

"ఏటి సెప్పమంటావు? మూడింటికే ఎల్లిపోయానని సెప్తే, దొంగ అజిరీ ఏసినోడివి నువ్వూ పోతావు. ఇద్దరం ఎందుకు పోవాల? నీ ఇంట్లో పసిగుడ్డు ఉంది" అంది. కోపంగా కూడా అనలేదు. కొంగులోంచి ఆ కూరల కత్తి తీసి ఇది నీకు పనికొస్తాది అని సైకిల్ సీటు మీద పెట్టి నడిచి వెళ్లిపోయింది.

అప్పుడైనా వెనక్కి ఆఫీసు గదిలోకి వెళ్లొచ్చు. నలభై అడుగుల దూరం. వెళ్లలేదు.

మూడో రోజుకి నాకు తెలిసొచ్చింది, ఆరో గ్రీనుని ఏంచేయాలో నాకేమీ తెలియదని. కత్తి పెట్టి మట్టి తీసి వాసన చూస్తే అన్నీ ఒకేలా కంపు కొడుతున్నాయి. టోర్నమెంటుకి ఇరవై ఆరు రోజులు. ఇంకేం చేస్తాను, ఖుర్సీపార్ వెళ్లాను. పిన్ని అప్పటికే కోహ్కాలో రెండిళ్లలో అంట్లు తోమే పనికి కుదిరింది. గుమ్మంలో బిందెలు వరసగా ఉన్నాయి, లోపల బాబాయి దగ్గుతున్నాడు. ఆవిడ ఒక బిందె మూత తీసి గ్లాసుతో నీళ్లిచ్చింది. తాగాను. గ్లాసు కింద పెట్టి, ఆరో గ్రీనుని ఏం చెయ్యాలని అడిగాను.

ఆవిడ అంతా చెప్పింది, ఏదీ దాచుకోకుండా. చచ్చిన గడ్డి బెత్తెడు లోతున తీసెయ్యమంది. కింది నల్లమట్టి పారేసి ఇసక వెయ్యమంది. పంపుహౌసు పక్క నారు మడిలోంచి గడ్డి పలకలు కోసి దగ్గరగా పరవమంది. తెల్లవారుజామున కడుపు నిండా పెట్టు, మధ్యాహ్నం ముఖం మీద చిలకరించినట్టు చల్లు చాలు, సాయంత్రం ముట్టుకోకు అంది. మధ్యలో ఆగి, రాసుకోడానికి కాగితం ఉందా అని అడిగింది. నేను ఫోన్లో రాసుకున్నాను. బాబాయి ఆరోగ్యం ఎలా ఉందని కూడా అడగకుండా వచ్చేశాను.

ఆవిడ చెప్పినట్టే చేశాను. టోర్నమెంటు రోజుకి ఆరో గ్రీను పచ్చగా ఉంది. పలకల అతుకులు తెలుస్తున్నాయి గానీ బంతి సాఫీగా దొర్లింది. సెక్రెటరీ అందరి ముందూ నా భుజం తట్టి, ఈ కుర్రాడికి గడ్డి భాష వచ్చు అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను తలవంచి నమస్కారం పెట్టాను. ఇంటికొస్తే మా ఆవిడ పిల్లకి స్నానం చేయిస్తోంది, కుళాయి ధారగా పారుతోంది. కట్టెయ్యి అని అరిచాను. ఎందుకు అరుస్తున్నానో ఆవిడకి అర్థం కాలేదు.

ఇంతవరకూ భయంతో చేశానని ఎవరైనా నా తరఫున అనొచ్చు. నేనూ చాన్నాళ్లు అదే అనుకుని నిద్రపోయాను. కానీ జరిగింది అక్కడితో ఆగలేదు.

వానలు పడ్డాక పని పెరిగి, ఇంకో ఇద్దరు మనుషుల్ని పెట్టుకోమన్నారు. సెక్రెటరీ తనంతట తానే ఆ సంగతి ఎత్తాడు. పాత దీదీ పనిమంతురాలు కదా, ఒక్క పొరపాటుకి పంపించేశాం, నాకు బాగాలేదు, పిలుద్దామా, నువ్వేమంటావు అని అడిగాడు. ఆయన తీర్మానం చేసేసుకునే అడిగాడు. నేను ఊఁ అంటే చాలు. ఎవరూ నన్నేం చేయరు, కుళాయి ఎక్కడికీ పోదు, ఏ నిజమూ బయటికి రాదు. చెప్పదలుచుకుంటే ఆవిడ అప్పుడే చెప్పేది.

నేను కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించాను.

"వయసైపోయింది సర్. ఈమధ్య మతిమరుపు కూడా" అన్నాను.

ఆయన పాపం అన్నట్టు తలూపి ఇంకో పేరు రాసుకున్నాడు. నన్నెవరూ బెదిరించలేదు, తొందరపెట్టనూ లేదు. ఆవిడ రోజూ చెప్పులు విప్పుకుని నా ఎదురుగా గ్రీను మీదికి నడిచి వస్తే నేను చూడలేను, అంతే. నా కళ్లకి ఇబ్బందని ఆవిడ బతుకు రెండోసారి తీసేశాను. ఆవిడ ఇప్పటికీ కోహ్కాలో అంట్లు తోముతోంది. బాబాయి పోయాడని విన్నాను. వెళ్లలేదు.