మళ్లీ అదే భిన్నాల పాఠం

కోవిడ్ తర్వాత బడులు పూర్తిగా తెరిచిన ఏడాది జూన్‌లో నన్ను దివిసీమలోని ఒక తీర మండలానికి మండల విద్యాశాఖాధికారిగా వేశారు. అప్పటిదాకా ఏడాదికోసారి జరిగే టీచర్ల తరగతి పరిశీలన ఆ ఏడు మూడు నెలలకోసారి అయింది. పీరియడంతా వెనక కూర్చుని పాఠం చూసి, యాప్‌లో వివరాలు నింపితే గ్రేడు వస్తుంది. వరసగా రెండుసార్లు తక్కువ గ్రేడు వస్తే మెమో, ఆపైన బదిలీ.

ఈ పని గురించి నాకు శిక్షణలో చెప్పింది తక్కువ. మచిలీపట్నం గ్రంథాలయంలో మూల్యాంకనం మీద దొరికిన పుస్తకమల్లా చదివి తెలుసుకున్నదే ఎక్కువ. అధికారి కూర్చున్న తరగతి మామూలు తరగతి కాదని, మరీ సాఫీగా సాగే పాఠాన్ని నమ్మకూడదని అక్కడే నేర్చుకున్నాను.

మత్స్యకారుల ఊరి బడిలో నాలుగో తరగతి టీచరు మేరీకుమారి గారు. సెప్టెంబరులో వెళ్తే భిన్నాలు చెబుతున్నారు. సిలబస్‌లో వెనకబడ్డారని తక్కువ గ్రేడు వచ్చింది. డిసెంబరులో వెళ్తే మళ్లీ భిన్నాలే. ఆవిడ ప్రశ్న పూర్తికాకముందే వెనక వరసల పిల్లలు జవాబు చెప్పేస్తున్నారు. నా కోసం కంఠతా పట్టించిన పాఠమేమోనని అనుమానం వచ్చింది.

ముందు వరసలో ఒక పాపను లేపి, ఒక చేపను నలుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుందని అడిగాను.

"సమానంగా ఎలాగొస్తదండీ? తలకాయ ఒక్కళ్లకేగా!"

తరగతంతా నవ్వింది. కంఠతా పట్టిన పిల్ల చెప్పే జవాబు కాదది.

బయటికొచ్చాక మేరీకుమారి గారు ఊరుకోలేదు. "నాటకమనుకున్నారా సార్? నాటకమే అయితే కొత్త పాఠం పెట్టుకునేదాన్ని కదండీ. ముందు కూర్చున్నోళ్లు అమ్మానాన్నలతో వేటకెళ్లి మొన్నొచ్చారు. వాళ్లకెవరు చెప్తారు? మీరిన్నిసార్లు రావడం మమ్మల్ని పంపెయ్యడానికేగా?"

వేట కాలంలో ఆ ఊరి కుటుంబాలు కొన్ని పడవలతోపాటు వేరే తీరానికి తరలివెళ్తాయి. తిరిగొచ్చిన పిల్లల కోసం ఆవిడ పాఠం మళ్లీ మొదలుపెడతారు. ముందే నేర్చుకున్నవాళ్లు వెనక కూర్చుంటారు.

యాప్‌లో సిలబస్ వేగానికి గడి ఉంది, ఇలా మళ్లీ చెప్పడానికి లేదు. గ్రేడు మళ్లీ తక్కువే వచ్చింది. కారణం రిమార్కుల్లో రాశాను. మెమో ఆపమని డివిజన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "రిమార్కులెవరు చదువుతారండీ? మాకు గ్రేడే కనిపిస్తుంది" అన్నారు. మెమో వెళ్లింది. నేను రాతపూర్వకంగా పంపిన వివరణతో బదిలీ మాత్రం ఆగింది.

మార్చిలో ఆవిడ సిలబస్ ప్రకారం కొత్త పాఠం చెప్పారు. ముందు వరసలు నోరు మెదపలేదు. మంచి గ్రేడు వచ్చింది.

ఎన్నిసార్లు చూడాలో తేల్చేముందు ఏం చూడాలో తేల్చుకోవాలి. లేకపోతే టీచర్లు పిల్లలకు కాక, చూడవచ్చినవాడికి పాఠం చెప్పడం అలవాటు చేసుకుంటారు. ఉద్యోగం వదిలేదాకా తక్కువ గ్రేడుకన్నా, ఉన్నట్టుండి పెరిగిన గ్రేడునే ఎక్కువగా అనుమానించాను.