తెల్లబడ్డ ఉంగరం

ఎనభైల్లో కరీంనగర్‌లో ఒక పళ్ల డాక్టరు నా పిప్పిపళ్లలో నింపి ఉన్న వెండి సిమెంటంతా తోడేశాడు. అందులోని పాదరసం ఒంట్లోకి దిగిందని, దాన్ని బయటికి లాగే మందంటూ నెలరోజులు ఏదో తాగించాడు. వాంతులతో మంచం పట్టాను.

చివరికి నా మూత్రం సీసా పట్టుకుని లోపలికి వెళ్లొచ్చి, అడుగున మెరిసే చుక్కలు చూపించాడు.

“చూసినవామ్మా, ఎంత విషం పడ్డదో! ఇంకో నెల తాగాలె.”

నేను దండం పెట్టాను. వెంట వచ్చిన మా బాపు నగలు చేసే అవుసలి. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుందని ఆయనకు తెలుసు. సీసా వంక చూడనే లేదు, బంగారు ఉంగరమున్న డాక్టరు చెయ్యి ఒడిసి పట్టుకున్నాడు.

“జరసేపటి కింద పచ్చగున్న ఉంగరం గిప్పుడెట్ల తెల్లవడ్డదిరా? గా పాదరసం నా బిడ్డ ఒంట్లకెల్లి వచ్చిందా, నీ చేతులకెల్లి వచ్చిందా?”

వాడు చెయ్యి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ మందు ఎప్పుడో ఒంట్లోంచి పోయింది. వాడికి పెట్టిన దండాలే ఇప్పటికీ అరగలేదు.